రోజుకో లోటు

జ్యేష్ఠ బహుళ తదియ, సోమవారం

ఈ పుస్తకం నాకు డాక్టర్ ఫరీదా గారు ఇచ్చారు. "వంట ఎలాగూ నువ్వే చేస్తావు, మనిషి దగ్గర కూర్చునేదీ నువ్వే. చూసింది చూసినట్టు రాయి శర్వాణీ. నీ కోపతాపాలు మాత్రం రాయక్కర్లేదు" అన్నారు. చూసింది రాస్తాను. కోపతాపాలు ఆపడం నావల్ల కాదని ఆవిడకీ తెలుసు.

రాయవలసిన మనిషి పేరు మేఘన. మా అక్క. మా తెలివిడి ఇంట్లో, అంటే నిద్ర లేచి వచ్చినవాళ్ళు కోలుకునే ఈ ఇంట్లో, సొంతవాళ్ళని సొంతవాళ్ళకి అప్పగించకూడదని నియమం ఉంది. కానీ వానలు తిరిగొచ్చిన దగ్గర్నుంచి కొండలోంచి మనుషుల్ని విడతలు విడతలుగా లేపి పంపిస్తున్నారు. ఇక్కడ చూసుకునే చేతులు మాత్రం పెరగలేదు. అందుకని నియమం కొంచెం పక్కకి జరిగి నాకు దారిచ్చింది.

కొండలో పడుకున్నప్పుడు అక్కకి ఇరవై రెండేళ్ళు, నాకు పద్నాలుగు. ఎండల కాలం అది. తిండి చాలక ఇంటికొకరు చొప్పున కొండ లోపలి పడకల మీదికి వెళ్ళారు. ఒంటికి గొట్టంలోంచి ద్రవం, బుర్రకి ఒక కల. ఆ కలని అందరూ లోపల అంటారు. మేమున్న దీన్ని బయట అంటారు. పళ్ళెం దగ్గర ఒకరు తగ్గితే మిగిలినవాళ్ళు బతుకుతారని లెక్క. మా ఇంట్లోంచి అక్క వెళ్ళింది.

ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇవాళ పొద్దున బండి దిగింది. జుట్టు నెరిసింది. కాళ్ళు సన్నబడి, నడక మరిచిపోయినట్టు అడుగులు వేస్తోంది. నన్ను చూసి నవ్వింది. నవ్వు మాత్రం అదే.

"ఎంత బాగా చేసేరో," అంది. నా కంటి పక్కన ముడతని వేలితో తడిమి, "ఇది కూడా మరిచిపోకుండా పెట్టేరు" అంది.

నేను వంటింట్లోకి వెళ్ళి పప్పు రుబ్బుతూ కూర్చున్నాను. కాసేపటికి చూసుకుంటే అది అంతకుముందే రుబ్బేసిన పప్పు.

బహుళ పంచమి, బుధవారం

అక్క తినడం లేదు. ఇది కూడా లోపలే అనుకుంటోంది. మజ్జిగ నీళ్ళు తాగుతుంది. నమలాల్సింది ఏదీ ముట్టదు.

కొత్తగా వచ్చినవాళ్ళు మొదట్లో ఇలా చెయ్యడం మామూలే. వాళ్ళకోసమే మా ఇంటికి కొన్ని పద్ధతులున్నాయి. లోపల ఏ లోటూ ఉండదట. తలుపు ఇలా తోస్తే అలా తెరుచుకుంటుందట, కూర ప్రతిసారీ కుదురుతుందట, ఎవరూ ఎవర్నీ విసుక్కోరట. ఇన్నేళ్ళు అలా బతికిన మనిషిని కూర్చోబెట్టి 'ఇదే అమ్మా బయట' అని ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకని మేం మాటలు మానేసి రోజుకో లోటు పెడతాం. వంటింటి గోడ మీద బొగ్గుతో రాసి ఉంటుంది. సోమవారం ఉప్పు తక్కువ, మంగళవారం మాడు, బుధవారం పులుపు ఎక్కువ, గురువారం అన్నం పలుకు, శుక్రవారం కారం, శనివారం చల్లారిన పప్పు, ఆదివారం వడ్డన ఆలస్యం. నా చేతి వంట బాగుంటుందని ఊళ్ళో పేరు. ఆ పేరు చూసి నాకిచ్చిన ఉద్యోగం, వారానికి ఏడు రోజులూ వంట చెడగొట్టడం.

లోటుతో పాటు మనిషికో మొండి వస్తువు ఇస్తాం. మన మాట వినని వస్తువు అన్నమాట. తనకి లొంగని దాన్ని మనిషి కొన్నాళ్ళకి తిట్టడం మొదలుపెడతాడు. కలని ఎవరూ తిట్టరు. తిట్టిన రోజున ఆ మనిషి బయటికి వచ్చినట్టే అని మా నమ్మకం.

కూర్మారావు మాస్టారికి మేకనిచ్చాం. ఆయన లెక్కల మాస్టారు, లోపల్నుంచి వచ్చి రెండేళ్ళు దాటింది. మేకని ఇంటిపేరుతో సహా తిడతారు. ఇది బయట అని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు. ఒప్పుకోకుండానే మూడు పూటలా తింటారు, నాలుగో పూట ఏమైనా ఉందా అని అడుగుతారు.

"ఏటమ్మాయ్, ఇవాళ పులుసులో చింతచెట్టు మొత్తం పిండేసేవేటి?" అన్నారు ఇవాళ.

"కల కదా మాస్టారూ, పులుపు మీకెలా తెలిసింది?" అన్నాను.

"కల్లో పళ్ళు పులవ్వని ఎవరు చెప్పేరు నీకు?" అని ఇంకో గరిటె వేయించుకున్నారు.

అక్కకి ఆమె గదిలోని కిటికీ గడియని మొండి వస్తువుగా ఇచ్చాం. తుప్పు పట్టిన గడియ. రెక్కని పైకెత్తి, మోకాలితో నొక్కి, అప్పుడు లాగితే తప్ప రాదు.

బహుళ సప్తమి, శుక్రవారం

తప్పు నాదే. రాసేస్తే ఒక పని అయిపోతుంది.

నిన్న అక్క ఆ గడియతో కుస్తీ పడుతుంటే చూశాను. మణికట్లు పుల్లల్లా ఉన్నాయి. చూడలేకపోయాను. మధ్యాహ్నం ఆమె నిద్రపోతున్నప్పుడు వెళ్ళి గడియకి రెండు చుక్కల నువ్వులనూనె వేశాను. మొత్తం వదులు చెయ్యాలని కాదు, కాస్త కదిలితే చాలనుకున్నాను.

పొద్దున అక్క పిలిచింది. "శర్వీ, ఇలా రా. చూడు." గడియ మీద ఒక్క వేలు వేసింది. కిటికీ తెరుచుకుంది. సముద్రపు గాలి గదిలోకి వచ్చింది.

"రాత్రంతా అనుకున్నాను, ఇది తెరుచుకుంటే బాగుణ్ణని. చూసేవా? నేను కోరుకుంటే అవుతోంది. లోపల కూడా ఇంతే."

నూనె వేశానని చెప్పేశాను. అక్క నవ్వింది. నా మీద జాలిపడింది.

"పోనీ నువ్వే వేసేవనుకో. నాకు కావలసింది నేను అడక్కుండానే నువ్వు చేసేవు. లోపలి శర్వి కూడా అలాగే చేసేది."

అన్నం తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. ఒక్క ముద్ద తినమన్నాను. అప్పుడు అక్క చెప్పిన మాటలు డాక్టరమ్మ కోసం ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"నేను లోపల రోజూ తిన్నానే. వంకాయ కూర, మాగాయి, గడ్డపెరుగు. కళ్ళు ఇది అన్నమే అన్నాయి. నాలుక అవునంది. చెయ్యి వేడిగా ఉందంది. కడుపు నిండిందంది. అదే టైముకి నేనెక్కడో చీకట్లో గొట్టం పెట్టుకుని పడుక్కున్నాను. ముప్ఫయ్యేళ్ళు ఈ సాక్షులందరూ కూడబలుక్కుని ఒకటే అబద్ధం చెప్పేరు. ఇప్పుడు మళ్ళీ అదే సాక్షులు వచ్చి, అప్పుడు చెప్పింది అబద్ధం గానీ ఇప్పుడు చెప్పేది నిజం అంటే, నువ్వైతే నమ్ముతావా?"

నేను పది దాకా మాత్రమే చదువుకున్నదాన్ని. పళ్ళెం పట్టుకుని వచ్చేశాను. నూనె సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకున్నారు గానీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

బహుళ నవమి, ఆదివారం

లోపలి శర్వి గురించి అక్క ఇవాళ చాలా చెప్పింది. ఆ కలని ఎవరి జ్ఞాపకాల్లోంచి వాళ్ళకే అల్లి పెడతారు. అందుకని అక్కకి తెలిసినంత మేరకే అక్కడ నేనున్నాను.

ఆ శర్వి ఎదురు చెప్పదట. పెద్ద కళ్ళు చేసుకుని వింటుందట. బాగా తిని బుగ్గలు వచ్చాయట. సంగీతం నేర్చుకుందట. నాకు గొంతు లేదు, మా ఇంట్లో కాకి కూడా నాకంటే నయం అని అమ్మే అనేది. లేని మనిషి మీద అసూయపడటం ఏమిటని మీరంటారు. పడ్డాను.

"చిన్నప్పుడు నీకు ముద్దలు పెట్టేదాన్ని, గుర్తుందా?" అంది అక్క.

ఎందుకు గుర్తులేదు. అమ్మ పనికి వెళ్ళేది. అక్కే కలిపి పెట్టేది. ప్రతి ముద్దనీ ముందు తన నాలుకకి తగిలించి, ఉప్పు చూసి, వేడి చూసి, అప్పుడు నా నోట్లో పెట్టేది. నేను చాలనే వరకూ తను తినేది కాదు. ఆ రోజుల్లో నేను చాలు అనడానికి చాలాసేపు పట్టేది.

సాయంత్రం డాక్టరమ్మ అక్కని తూకం వేసి, నన్ను వరండాలోకి పిలిచారు.

"ఇలా అయితే గుండె తట్టుకోదు శర్వాణీ. అమావాస్య వెళ్ళాక పాడ్యమి నాడు కొండకి బండి వెళ్తుంది. అప్పటికీ తినకపోతే తనని మళ్ళీ గొట్టం మీద పెట్టాలి. గొట్టం పెట్టే వసతి అక్కడే ఉంది."

"మళ్ళీ ఎప్పుడు లేపుతారు?"

ఆవిడ తూకం రాసిన కాగితం మడిచారు. నాకు తెలుసు. రెండోసారి పడుకున్న ఒళ్ళు లేవదు. ఇంతవరకూ ఎవరూ లేవలేదు.

అక్కకి ఆ సంగతి నేనే చెప్పాను. ఆమె నా చెయ్యి నిమిరి, "భయపడకు. అక్కడా నువ్వు ఉంటావు కదా" అంది.

బహుళ ఏకాదశి, మంగళవారం

మాస్టారికి ఇవాళ ఉపవాసం. ఇది కలే అయినప్పుడు ఏకాదశి ఎందుకు మాస్టారూ అంటే, "కలే కదా అని ఏకాదశి మానేస్తామేటి?" అంటారు. ఆయన తర్కం ఆయనది.

నేను బతిమాలితే అక్కతో మాట్లాడటానికి వచ్చారు. మేక కూడా వచ్చింది. నేను గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తూ విన్నాను.

"చూడమ్మా," అన్నారు మాస్టారు. "నీ అనుమానంలో తప్పు లేదు. రెండేళ్ళు వెతికేను, నాకూ దొరకలేదు. పడుక్కునేటప్పుడు ఇదంతా ఉత్తిదే అని గట్టిగా తేల్చుకుంటాను. తెల్లారి లేచేసరికి ఈ మేక నా పంచె నములుతూ ఉంటుంది. చెయ్యి కర్ర కోసం వెళ్ళిపోతుంది. బుర్ర తేల్చుకున్న సంగతి చేతికి తెలీదమ్మా. చెయ్యి ముందే నమ్మేస్తుంది. బుర్ర వెనకాల రొప్పుకుంటూ వస్తుంది. నువ్వూ నమ్మితేగానీ తిననని కూచోకు. తిను. నమ్మకం అదే వస్తుంది."

"అలా వచ్చిందేనండి నాకు లోపల కూడా," అంది అక్క. ఆమె గొంతులో ఎగతాళి లేదు. "తింటూ తింటూనే నమ్మేను. బండ నమ్మకం. తినగా తినగా వచ్చిన నమ్మకం ఎంతటిదో నాకు తెలిసినట్టు మీకు తెలీదు."

మాస్టారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "లెక్క సరిగ్గానే ఉంది," అన్నారు చివరికి. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి నాతో, "అమ్మాయ్, నేను నెగ్గలేకపోయేను. క్షమించు" అన్నారు. మంచి మనిషి. మంగళవారం కాబట్టి అన్నం మాడ్చాను. ఆ వాసనకి అక్క తల తిప్పి వంటింటి వైపు చూసి, ఏదో ఆలోచిస్తూ ఉండిపోయింది.

బహుళ త్రయోదశి, గురువారం

ఇవాళ కొంప మునిగింది.

మధ్యాహ్నం అందరూ పంక్తిలో కూర్చున్నారు. అక్కని కూడా పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను, నలుగురూ తింటుంటే చూసైనా తింటుందేమోనని. నేనింకా గిన్నె మూత తియ్యలేదు.

"ఇవాళ అన్నం పలుకు," అంది అక్క.

నా చెయ్యి మూత మీదే ఆగిపోయింది.

"రేపు కారం. ఎల్లుండి పప్పు చల్లారిపోయి వస్తుంది. ఆదివారం ఆలస్యం. మొన్న మాడు, అంతకు ముందు వారం అదే రోజున మాడు." ఒక్కొక్కటీ నెమ్మదిగా, ఎవర్నీ నొప్పించకూడదన్నట్టు చెప్పింది. "అయిన తప్పులైతే ఇలా వరసలో రావు శర్వీ. ఎవరో కూచుని అమర్చేరు. నిజంగా లోటున్న చోట లోటు అమర్చక్కర్లేదు కదా. అంటే ఇది కూడా కట్టిందే. లోపల బాగా ఉండేలా కట్టేరు, ఇక్కడ బాగోకుండా కట్టేరు. అంతే తేడా."

పంక్తిలో ఉన్నవాళ్ళంతా లోపల్నుంచి వచ్చినవాళ్ళే. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కూర్మారావు మాస్టారు తన పళ్ళేన్ని ముందుకి తోశారు. రెండేళ్ళలో ఆయన పళ్ళెం తొయ్యడం నేను చూడలేదు.

ఇన్నేళ్ళూ మాకు తట్టలేదు. ఏ లోటూ లేకపోతే కల అనుకుంటారని లోట్లు పెట్టాం. పెట్టడానికి ఒక పద్ధతి ఉండాలని గోడ మీద రాసుకున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

డాక్టరమ్మ వంటింట్లోకి వచ్చి గోడ కేసి చూస్తూ నిలబడ్డారు. "వరస మార్చేద్దాం. ఏ రోజు ఏది అని లేకుండా," అన్నారు.

"వరస మార్చినా పెట్టేది మనమే కదండీ."

ఆవిడ పొయ్యి పక్కన పీట మీద కూలబడ్డారు. ఆవిడకి నా వయసే ఉంటుంది. కొంగుతో మొహం తుడుచుకుని, "నేను పన్నెండేళ్ళ నుంచి ఇదే చేస్తున్నాను శర్వాణీ. మంచిదనే చేశాను" అన్నారు. నాకు ఆవిడ మీద జాలేసింది. మనిషికి కాసిన్ని మంచినీళ్ళిచ్చి, తడిగుడ్డ తీసుకుని గోడ మీద రాసిందంతా తుడిచేశాను.

అమావాస్య, శనివారం

చిన్న మంచి వార్త ఒకటుంది. మాస్టారు నిన్న పొద్దున మళ్ళీ తిన్నారు. పళ్ళెం ముందు పెట్టుకుని, తినాలా వద్దా అని తర్కించుకుంటుంటే మేక వచ్చి దోసెలో మూతి పెట్టిందట. "నాదే అని లాక్కున్నాను. లాక్కున్నాక తినెయ్యడమే గదా," అన్నారు సిగ్గుపడుతూ. మిగిలినవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు పళ్ళేల దగ్గరికి వచ్చారు.

అక్క రాలేదు. ఇప్పుడు మజ్జిగ కూడా సగం గ్లాసే. లేచి కూర్చోవాలంటే నేను వీపు పట్టుకోవాలి. రేపు సాయంత్రం బండి.

నిన్నా ఇవాళా నేను అక్క గదిలోకి వెళ్ళినప్పుడల్లా మంచిగా మాట్లాడాను. తల దువ్వాను. కాళ్ళు పట్టాను. అది నన్ను చూసి మెచ్చుకోలుగా నవ్వుతుంటే ఒళ్ళు మండింది. మంచిగా ఉంటే కల అంటుంది. కావాలని చెడగొడితే ఎవరో కట్టారంటుంది. మరి నేనెలా ఉండాలి? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గురువారం నుంచి నాకూ ముద్ద దిగడం లేదు. పంతం ఏం కాదు. వండుతున్నాను, వడ్డిస్తున్నాను, నా పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి లేచిపోతున్నాను.

ఆషాఢ శుద్ధ పాడ్యమి, ఆదివారం

ఇవాళ గోడ మీద ఏమీ లేదు. కాబట్టి మామూలుగా వండాను. కందిపప్పు, అన్నం, అంతే. పప్పు ఉడుకుతున్నంతసేపూ బండి గురించే ఆలోచించాను.

అక్క గదిలోకి పళ్ళెం, అన్నం గిన్నె తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టాను. తినమని అడగలేదు. అడిగే ఓపిక లేదు.

"నువ్వు చాలా మంచిదానివే శర్వీ," అంది అక్క. "లోపలా అంతే, ఇక్కడా అంతే. నీ ఋణం తీర్చుకోలేను."

అక్కడితో నా ఓర్పు అయిపోయింది.

"నేను మంచిదాన్ని కాను," అన్నాను. "నీ లోపలి దాంతో నన్ను కలపకు. నువ్వెళ్ళిపోయిన రోజు నన్నొక్క మాట అడిగేవా? నాకు స్నానం చేయించి, జడ వేసి, పెరట్లోకి పంపించి, అటు నుంచటే వెళ్ళిపోయేవు. వచ్చేసరికి అమ్మ నీ పళ్ళెం కడిగి బోర్లించేసింది. రాత్రి నీ వాటా అన్నం నా పళ్ళెంలో వేసింది. తినలేదు. మర్నాడూ తినలేదు. ఆ అన్నం చూస్తే నిన్ను అమ్ముకుని కొనుక్కున్నట్టుండేది. చివరికి అమ్మ నన్ను కొట్టి, ముక్కు మూసి, నోట్లో కుక్కింది. ఏడుస్తూ మింగేను. నా కోసం వెళ్ళిందని ఊరంతా నిన్ను పొగుడుతుంటే, నేను నిన్ను తిట్టుకునేదాన్ని. ఇన్నేళ్ళొచ్చేయి, ఇప్పటికీ మొదటి ముద్ద ఎత్తినప్పుడల్లా నీ మీద కోపం వస్తుంది. ఇప్పుడు మళ్ళీ వెళ్తానంటున్నావు. మళ్ళీ నన్నడక్కుండానే."

అక్క మొహంలో నవ్వు పోయింది. వచ్చిన దగ్గర్నుంచి ఆ మొహం అలా అవడం ఇదే మొదటిసారి.

"నువ్వు బాగా తినేదానివి," అంది మెల్లిగా. "బుగ్గలొచ్చేయి నీకు. నేను చూసేను."

"ఆ బుగ్గలు నువ్వు పెట్టుకున్నవి. నాకెప్పుడూ రాలేదు."

అది చాలాసేపు నా బుగ్గల వైపు చూసింది. తర్వాత, "ఇది కూడా నా బుర్ర కల్పించిందే అయ్యుండొచ్చు," అంది. కానీ ముందులా నిబ్బరంగా అనలేదు.

"అయ్యుండొచ్చు," అన్నాను. "నేను కాదని రుజువు చెయ్యలేను. మాస్టారి వల్లే కాలేదు."

నేను గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను. కళ్ళు తిరిగాయి. ఎందుకు తిరిగాయో అక్క కనిపెట్టింది.

"నువ్వు తిని ఎన్నాళ్ళయింది?"

"నీకెందుకు?"

"శర్వీ. అడుగుతున్నాను."

"గురువారం నుంచి."

అక్క మంచం పట్టె పట్టుకుని లేవబోయింది. నేను సాయం చెయ్యలేదు. పంతం అనుకోండి. రెండుసార్లు కూలబడి, మూడోసారి కాళ్ళు కింద పెట్టి, జారుతున్నట్టుగా వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"నువ్వు ఉన్నావో లేవో నాకు తెలీదే," అంది. "ఎలా తెలుసుకోవాలో కూడా తెలీదు. ఇన్నాళ్ళూ నేను ఒకవైపే అనుమానించేను. నువ్వు లేవేమో, లేవేమో అని. నువ్వు లేవనుకుని నేనిలా కూచుంటే, తీరా నువ్వుంటే? ఉంటే ఆకలితో ఉంటావు కదా."

పప్పూ అన్నం కలపడం మొదలుపెట్టింది. ముప్ఫై ఏళ్ళ నుంచి పని చెయ్యని వేళ్ళు, మెతుకులు చుట్టూ పడుతున్నాయి. అయినా కలిపే తీరు మాత్రం అదే, బొటనవేలితో నలిపి, అంచుకి తీసి, మళ్ళీ మధ్యకి తెచ్చి. ముద్ద చేసింది. చేసి, నా నోటి దాకా తెచ్చి, ఆగి, ఎప్పట్లాగే ముందు తన నాలుకకి తగిలించుకుంది.

మొహం చిట్లించింది.

"ఉప్పు కషాయం. ఇది ఏ రోజు లోటే? గోడ తుడిచేసేవు కదా."

"ఏ రోజుదీ కాదు," అన్నాను. "రెండుసార్లు వేసేసినట్టున్నాను. బండి గురించి ఆలోచిస్తూ చూసుకోలేదు."

అక్క నా మొహం కేసి చూసింది. నాకేడుపు వస్తోంది, దాన్ని ఆపుకోలేదు. అక్క నన్ను తప్పు చేసిన చిన్నపిల్లని చూసినట్టు చూసి, "చాలే, వంటమనిషివి," అంది.

బయట బండి వచ్చిన చప్పుడైంది. డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చారు. మా ఇద్దర్నీ, పళ్ళేన్నీ చూసి, వచ్చినంత మెల్లిగా వెనక్కి వెళ్ళారు. ఆవిడ బండివాడితో ఏదో చెబుతున్నట్టు వినిపించింది.

"ఇంత ఉప్పు పిల్లకెలా పెడతాను," అని గొణుక్కుంటూ అక్క గిన్నెలోంచి వట్టి అన్నం తీసి వేసింది. కలిపింది. ఈసారి నాలుకకి తగిలిస్తే తెలియలేదేమో, చిన్న ముద్ద నోట్లో వేసుకుంది. నమిలింది. మింగడం మరిచిపోయిన గొంతు కదా, కష్టపడి మింగింది. తల అడ్డంగా ఊపి, ఇంకొంచెం అన్నం వేసి, కలిపి, మళ్ళీ నోట్లో వేసుకుని చూసింది.

అప్పుడు నా నోటికి ముద్ద పెట్టింది.

"సరిపోయిందా?" అంది.

ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అమ్మ చేసినా ఇంత బాగా కుదరదు.

"లేదే అక్కా, ఇంకా ఉప్పగానే ఉంది," అన్నాను.

అక్క ఇంకో పిడికెడు అన్నం వేసి కలిపి, మళ్ళీ నోట్లో వేసుకుని చూసింది.